‘ముందు’, ‘తర్వాత’ల మధ్య మన శరీరాలు



స్త్రీల హక్కుల గురించి మాట్లాడుకునే వేదిక మీద లావు, సన్నం గురించి, అందులోనూ ఫోటోల గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. వరకట్న చావుల కేసులు, కూలిరేట్ల తగాదాలు చేతిలో పెట్టుకుని రాత్రంతా బస్సుల్లో ప్రయాణం చేసి వచ్చినవాళ్ళున్నారిక్కడ. ‘బరువు తగ్గడం తిండి ఎక్కువైన వాళ్ళ గొడవ కదా’ అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ మాట దగ్గరే మొదలుపెడతాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నవాళ్ళు దేశం మొత్తం మీద 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. ఉండవలసిన దానికంటే తక్కువ బరువున్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 14.8 శాతం, తెలంగాణలో 18.8 శాతం. రక్తహీనత మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగా ఉంది. ఈ మూడు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. లావుగా కనిపించే ఒళ్ళన్నీ పుష్టిగా ఉన్న ఒళ్ళు కావు. రేషను బియ్యం, పల్చటి చారు, అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినే అలవాటు - వీటితో కడుపు నిండుతుంది, ఒళ్ళు పెరుగుతుంది, రక్తం పట్టదు. బరువనేది ఒక్క డబ్బున్న వాళ్ళ ఇంటి సమస్యగా ఉండిపోయిన రోజులు పోయాయి.

మన భాషనే గమనించండి. పెళ్ళయ్యాక ఒకామె లావెక్కితే ‘ఒళ్ళు చేసింది’ అంటాం, అదేదో ఆమె పనిగట్టుకుని చేసినట్టు. సన్నబడితే ‘చిక్కిపోయింది’ అంటాం, దానంతటదే జరిగినట్టు. మధ్యతరగతి పిల్ల సన్నగా ఉంటే నాజూకు. నాట్లు వేసే మనిషి అంతే సన్నగా ఉంటే బక్కప్రాణం. ‘ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తుంది’ అనేది కోడలికి దొరికే అతి పెద్ద మెప్పు. ఆ కోడలే, ఫోటో తీస్తున్నామనగానే ఒళ్ళు దాచుకుంటుంది. పైట సర్దుకుంటుంది, చంటిపిల్లను పొట్టకు అడ్డంగా ఎత్తుకుంటుంది, ఎవరి వెనకనో నిలబడి తల మాత్రం బయట పెడుతుంది. పనికి దాచుకోకూడని ఒళ్ళు చూపుకు ఎందుకు దాచుకోవలసి వస్తున్నది? ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే.

1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చేనాటికే మన కవయిత్రులు శరీరం గురించి మాటల్లో చెప్పడం మొదలుపెట్టారు. అందుకు వాళ్ళు ఎన్ని తిట్లు తిన్నారో మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మాటల్లో అంత పోరాటం చేసినవాళ్ళం బొమ్మ విషయంలో మాత్రం అంతగా ఆలోచించలేదని నా అభిప్రాయం. మన ఒంటి బొమ్మ ఇప్పటికీ ఎక్కువగా ఇతరుల చేతుల్లోనే తయారవుతున్నది.

ఒక తెలుగు స్త్రీకి జీవితంలో దొరికే ఫోటోలేమిటో లెక్క వేయండి. మొదటిది పెళ్ళిచూపుల ఫోటో. స్టూడియోలో ఒకటి ముఖం వరకు, ఒకటి నిలువెత్తు. ఆ నిలువెత్తు ఫోటో అడిగేదే ఒళ్ళు చూడటానికి. ఎత్తు, లావు, కాలి వంకర ఏదైనా ఉంటే అదీ తెలియడానికి. ఎలా నిలబడాలో ఫోటోగ్రాఫరు చెబుతాడు, ఏ చీర కట్టుకోవాలో పిన్ని చెబుతుంది, బాగుందో లేదో చెప్పేది అవతలివాళ్ళు. ఆ తర్వాత పెళ్ళి ఆల్బం. ఆ తర్వాత పిల్లల పుట్టినరోజులు, వాటిలో తల్లి అంచున ఉంటుంది, లేకపోతే వంటింట్లో ఉంటుంది. తర్వాత రేషను కార్డుకీ ఆధార్‌కీ తీసినవి. చాలా ఇళ్ళలో, ఆమె పోయాక గోడకు తగిలించడానికి ఒక్క ఫోటో కూడా దొరకదు. ఏదో పెళ్ళిలో తీసిన గుంపు ఫోటోలోంచి ఆమె ముఖం వరకు కత్తిరించి, పెద్దది చేయించి, దండ వేస్తారు. పక్కనున్న మనిషి భుజం ముక్క కూడా దాంట్లో వచ్చి ఉంటుంది. పాతికేళ్ళకూ అరవయ్యేళ్ళకూ మధ్య ఆ ఒళ్ళు ఏమైందో చెప్పే ఆధారమే మిగలదు.

ఈ పాత వరుసలో కొత్తగా వచ్చి చేరింది సన్నబరిచే కేంద్రాల ఫోటో. పేపర్లో, హోర్డింగు మీద, ఇప్పుడు ఫోన్లో చూస్తూనే ఉన్నాం. ‘ముందు’, ‘తర్వాత’. ‘ముందు’ ఫోటోలో ఆమె తల వంచుకుని, వెలుతురు సరిగా లేని గదిలో, వదులు నైటీలోనో బిగుతు టీషర్టులోనో ఉంటుంది. ‘తర్వాత’లో జుట్టు విరబోసుకుని, నడుము మీద చెయ్యి వేసుకుని నవ్వుతుంది. ఆ రెంటి మధ్యా తగ్గిన కిలోల కంటే మారిన దీపాలే ఎక్కువని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ రెండు ఫోటోల మధ్య ఏమీ ఉండదు. ఆకలి లేదు, నీరసం లేదు, కట్టిన డబ్బు లేదు, మళ్ళీ పెరిగిన బరువు లేదు. మొదటి ఫోటోలోని స్త్రీ చెరిపివేయవలసిన తప్పు, రెండవ ఫోటోలోని స్త్రీ దిద్దిన కాపీ. ఆ కథలో తను బతికిన రోజులకు చోటు లేదు.

మధ్యలో ఉన్న ఆ రోజుల్ని ఫోటోల్లో పెట్టిన స్త్రీలు కొందరున్నారు. మన దేశం వాళ్ళు కాకపోయినా వాళ్ళ పని మనం తెలుసుకోవలసింది.

1972లో అమెరికాలో ఎలియనార్ ఆంటిన్ అనే కళాకారిణి ఒక పని చేసింది. న్యూయార్కులోని విట్నీ మ్యూజియం వార్షిక ప్రదర్శనలో చిత్రకళకూ శిల్పానికీ మాత్రమే చోటున్న కాలమది. సరే, శిల్పమే కావాలి గదా అని ఆమె తన ఒంటినే రాయిగా తీసుకుంది. తిండి తగ్గించి, 37 రోజులపాటు ప్రతిరోజూ తన నగ్న శరీరాన్ని నాలుగు వైపులనుంచీ - ముందు, వెనక, ఎడమ, కుడి - నలుపు తెలుపు ఫోటోలుగా నమోదు చేసింది. మొత్తం 148 ఫోటోలు. నిలువుగా చూస్తే ఒక రోజు, అడ్డంగా చూస్తే రోజులు గడవడం. దానికి ‘కార్వింగ్: ఎ ట్రెడిషనల్ స్కల్ప్‌చర్’ అని పేరు పెట్టింది. చెక్కడం, సంప్రదాయ శిల్పం అని అర్థం. గ్రీకు శిల్పులు పాలరాతిని పొరలు పొరలుగా చెక్కుతూ పోయి రూపం తీశారని చెబుతారు కదా, ఆ మగ శిల్పుల ఆదర్శాన్ని ఆడవాళ్ళు ఇళ్ళలో ఆకలితో ఎలా అమలు చేస్తున్నారో చూపించి వెక్కిరించింది. ఎక్కడ ఆగాలో రెండు విషయాలు నిర్ణయిస్తాయని కూడా రాసింది. ఒకటి చెక్కేవాళ్ళ మనసులోని ఆదర్శ రూపం, రెండవది పదార్థానికున్న పరిమితి. ఇక్కడ పదార్థం ఒక మనిషి.

ఆమె తగ్గింది సుమారు 10 పౌన్లు, అంటే నాలుగున్నర కిలోలు. ఆ ఫోటోల్లో ఏ రోజుకీ ఆ పక్క రోజుకీ మధ్య తేడా పట్టుకోవడం మన తరం కాదు. మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టినా పెద్ద తేడా కనిపించదు. ప్రకటనల ఫోటోలకు అలవాటు పడిన కంటికి ఇది ఆశాభంగం. ముఖంలో నవ్వు లేదు, సిగ్గు లేదు, గెలుపు లేదు. 37 రోజులు ఒక స్త్రీ ఆకలితో ఉంటే ప్రపంచానికి కనిపించేది ఇంతేనా అనిపిస్తుంది. ఆ విసుగు పుట్టించడంలోనే దాని బలం ఉందని నేననుకుంటాను. బరువు తగ్గడమనేది వంట లాంటిదే, అంట్లు తోమడం లాంటిదే, రోజూ చేయవలసిన, కనిపించని, ఎన్నటికీ తెమలని మరో ఇంటి చాకిరీ అని ఆ గడుల కాగితం చెబుతుంది.

ఇంకా చెప్పవలసింది ఉంది. 2017లో, 82 ఏళ్ళ వయసులో, భర్త పోయిన మరుసటి సంవత్సరం, ఆమె అదే పని మళ్ళీ చేసింది. ఈసారి ఫోటోలు దాదాపు 500 అయ్యాయి. వయసు మళ్ళిన ఒళ్ళు అంత త్వరగా మాట వినలేదు. ముడతలు, వేలాడే చర్మం, వంగిన భుజాలు. 2019లో లాస్ ఏంజెలస్ కౌంటీ మ్యూజియంలో ఈ రెండవ వరుసను ప్రదర్శించారు. ఎనభై దాటిన ఆడమనిషి ఒంటిని అన్ని వందలసార్లు చూడమని మనల్ని నిలబెట్టిన కళ నాకు తెలిసి మరొకటి లేదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. అదే 1972లో, అదే అమెరికాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ఒక వ్యాసం ప్రచురించాడు. బరువును ఎత్తు వర్గంతో భాగించే లెక్కకు ‘బాడీ మాస్ ఇండెక్స్’ అనే పేరు అందులోనే వచ్చింది. ఆ లెక్క 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త కెటెలే వేసింది, ‘సగటు మనిషి’ ఎలా ఉంటాడో తేల్చడానికి. కీస్ బృందం దాన్ని పరీక్షించింది ఐదు దేశాల్లోని ఏడు వేల పైచిలుకు మనుషుల మీద. అందరూ మగవాళ్ళే. ఇవాళ మన అంగన్‌వాడీ కేంద్రాల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో స్త్రీలను తూచి ఇంత ఎక్కువ, ఇంత తక్కువ అని చెప్పే కొలబద్ద చరిత్ర ఇది. దాన్ని పారేయమని నేననడం లేదు. ఇందాక నేను చెప్పిన సర్వే అంకెలు కూడా ఆ లెక్కవే. షుగరు, బీపీ నిజమైన జబ్బులు, వాటితో చచ్చిపోతున్నవాళ్ళు మన మనుషులే. కొలతకు చరిత్ర ఉంటుందని గుర్తు పెట్టుకుందాం, అంతే.

ముందు నుంచి, పక్క నుంచి ఫోటో తీయడానికీ చరిత్ర ఉంది. 1869లో లాంప్రీ అనే ఆంగ్లేయుడు పట్టు దారాలతో రెండేసి అంగుళాల గడులు కట్టి, దాని ముందు మనుషుల్ని బట్టల్లేకుండా నిలబెట్టి కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1890లలో అండమాన్ దీవుల్లో పోర్ట్‌మన్ అనే అధికారి అక్కడి ఆదివాసీల్ని అలాగే గళ్ళ తెర ముందు నిలబెట్టి ఫోటోలు తీశాడు. వద్దనే అధికారం వాళ్ళకు లేదు. బెంగుళూరుకు చెందిన పుష్పమాల, క్లేర్ ఆర్నితో కలిసి 2000-2004 మధ్య చేసిన ‘దక్షిణ భారత దేశీయ స్త్రీలు’ అనే ఫోటోల వరుసలో, ఆ గళ్ళ తెర ముందు తనే ఆ వేషంలో నిలబడి ఆ పద్ధతిని బట్టబయలు చేసింది. జైల్లో, మ్యూజియంలో, సన్నబరిచే కేంద్రంలో తీసే ఫోటోలు ఒకే వంశానికి చెందినవని ఆమె పని చూశాక నాకు స్పష్టంగా అర్థమైంది. ఆంటిన్ కూడా అదే భంగిమలు తీసుకుంది, అయితే గడులు గీసినదీ గడుల్లో నిలబడినదీ ఒక్కరే.

ఇప్పుడు కొంచెం ఇబ్బందిపెట్టే ఉదాహరణ. జెన్ డేవిస్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫరు చాలా లావుగా ఉండేది. 2002లో ఒక బీచిలో, సన్నగా ఉన్న స్నేహితుల మధ్య ఒళ్ళు కప్పుకుని కూర్చున్న తన ఫోటో తీసుకుంది. అక్కడినుంచి 11 ఏళ్ళపాటు తనను తానే తీసుకుంటూ పోయింది. తింటూ, స్నానం చేస్తూ, పక్క మీద కూర్చుని, కిటికీలోంచి వచ్చే వెలుతురులో. తనకు లేని ప్రేమను ఊహించి, మగవాళ్ళను నిలబెట్టి, వాళ్ళ పక్కన తను పడుకుని కొన్ని తీసింది. ఆ ఫోటోలు చూస్తే జాలి పుట్టదు. ఒక మనిషి ఒంటరితనం తన గదిలో ఎంత చోటు ఆక్రమిస్తుందో కనిపిస్తుంది. తొమ్మిదేళ్ళ ఫోటోలు ఒకచోట చూసుకున్నప్పుడు, తన బతుకు ఉన్నచోటే ఉండిపోయిందని ఆమెకు అనిపించింది. 2011లో పొట్టకు ఆపరేషన్ చేయించుకుని బాగా బరువు తగ్గింది. ఆ తర్వాత కూడా తీస్తూనే ఉంది. ఆ ఫోటోలు 2014లో ‘ఇలెవెన్ ఇయర్స్’ అనే పుస్తకంగా వచ్చాయి.

ఇది ఓటమి కాదా, లావు ఒంటిని గౌరవించడం నేర్పిన మనిషి చివరికి మార్కెట్టుకు లొంగిపోలేదా అని అడిగేవాళ్ళున్నారు. ఆ వాదనతో నేను ఏకీభవించను. ఒళ్ళు మార్చుకోకపోవడమే స్త్రీవాదమని ఒక కొత్త నియమం పెడితే, అత్తగారి నియమానికీ దానికీ తేడా ఏముంది? ఆమె పుస్తకం మామూలు ప్రకటన కాకపోవడానికి కారణం, ఆపరేషన్‌కు ముందున్న తొమ్మిదేళ్ళను ఆమె ‘ముందు’ అనే ఒక్క ఫోటోగా కుదించలేదు. లావుగా ఉన్నప్పటి స్త్రీ కూడా ఆ పుస్తకంలో పూర్తి మనిషి. ఆమెకు ఆకలి, కోరిక, దిగులు, ఇల్లు, సాయంకాలం అన్నీ ఉన్నాయి.

ఒళ్ళు తగ్గించే తొందరలో ఎంత ప్రమాదం ఉందో మనకు తెలియనిది కాదు. 2015 జూన్‌లో, మన తెలుగు సినిమాల్లో ఎంతో పేరు తెచ్చుకున్న ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్ళకే అమెరికాలో చనిపోయారు. కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకునే ఆపరేషన్ చేయించుకున్నారని అప్పుడు పత్రికల్లో వచ్చింది. ఆ నవంబరులోనే ‘సైజ్ జీరో’ సినిమా విడుదలైంది. సన్నబరిచే కేంద్రాల మోసం దాని కథ. అందులో వేషం కోసం అనుష్క నిజంగానే లావెక్కింది. సినిమా చెప్పిన సంగతి కంటే, ఆమె మళ్ళీ ఎప్పుడు తగ్గుతుందన్న కబుర్లే ఎక్కువ కాలం నడిచాయి. 2025 నుంచి బరువు తగ్గించే ఖరీదైన ఇంజెక్షన్లు మన దేశంలో కూడా అమ్ముతున్నారు. ‘ముందు’, ‘తర్వాత’ ఫోటోలకు ఇక కరువుండదు.

మరి మన సంఘాల్లో ఏం చేయవచ్చు? స్త్రీలు తమ ఫోటోలు తామే తీసుకునే పని చేయవచ్చునని నా సూచన. ఇందుకు నగ్నంగా నిలబడనక్కర్లేదు. ఫోన్ను అలమరలో గిన్నెకు ఆనించి, టైమరు పెట్టి, పొయ్యి దగ్గర, బావి దగ్గర, కుట్టుమిషను దగ్గర, మధ్యాహ్నం కాసేపు నడుము వాల్చినప్పుడు ఎలా ఉంటామో అలా తీసుకోవడం. వారానికి ఒకటి చాలు. ముందుగా ఫోన్లో ముఖాన్ని నున్నగా చేసే ఏర్పాటును ఆపేయాలి. చాలా ఫోన్లలో అది మనం అడగకుండానే పనిచేస్తూ ఉంటుంది. ఫోటో కింద ఒక్క మాట రాసుకోవాలి, ఆ రోజు ఏం తిన్నాం, ఎవరు వండారు, ఎక్కడ నొప్పి. బరువు రాయవద్దని నేను గట్టిగా చెబుతాను. ఆంటిన్ లాగా రోజూ తిండి తగ్గించి తీయడం ఆమె వెక్కిరింపు కోసం చేసిన పని, మనకు పద్ధతి కాదు. ముఖ్యంగా హాస్టళ్ళలో ఉండే ఆడపిల్లల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. తిండి మానేసే జబ్బు ఉన్న పిల్లకు రోజూ ఫోటో చూసుకోవడం విషమే అవుతుంది. ఆ అనుమానం ఉంటే ఈ పని మానేసి ముందు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి.

రెండో చిక్కు, ఫోను ఎవరిది? చాలామందికి ఇంట్లో ఫోను ఉంటుంది, తన ఫోను ఉండదు. భర్త, కొడుకు, మరిది ఎవరైనా తెరిచి చూస్తారు. కాబట్టి ఈ ఫోటోలు ఎక్కడ ఉంటాయి, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది మొదలుపెట్టకముందే కూర్చుని తేల్చుకోవాలి. గ్రూపులో పంచుకోవడం అందరి ఇష్టం కాదు. ‘చూపించను’ అనే హక్కు ‘తీసుకుంటాను’ అనే హక్కుకు ముందుండాలి.

చట్టం గురించి కొంచెం. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, మీరు డబ్బిచ్చి అడిగి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు మీరే. అయితే సన్నబరిచే కేంద్రంలో చేరిన రోజు తీసే ఫోటోకు మీరు విడిగా డబ్బివ్వరు, పైగా అక్కడ పెట్టే సంతకాల కాగితాల్లో ఒకటి ఆ ఫోటోను ప్రకటనకు వాడుకోవడానికి అనుమతి అయి ఉండవచ్చు. చదవకుండా సంతకం పెట్టకండి. ఆ వాక్యం కొట్టేసి సంతకం పెట్టండి, దానికి డబ్బు తగ్గించమంటే తగ్గించరు, అయినా కొట్టేయండి. 1954 నాటి మందులు, మంత్ర చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టంలో, ఫలానా మందుతో నయమవుతుందని ప్రకటన ఇవ్వకూడని జబ్బుల జాబితాలో స్థూలకాయం కూడా ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. మోసపు ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఇక స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పటి ఫోటో సంగతి. తీయడానికి ఒప్పుకుని, ఇతరులకు చూపడానికి ఒప్పుకోకపోతే, దాన్ని పంచడం నేరమని 2013లో శిక్షాస్మృతిలో చేర్చారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్లో ఉంది. భర్తకు మినహాయింపు ఏమీ లేదు.

ఫోటోల కింద రాసుకునే మాటల విషయంలో మీతో చర్చించవలసింది ఒకటి మిగిలింది. చదువు రానివాళ్ళు ఏం చేయాలి? గొంతు రికార్డు చేసి ఫోటోతో పాటు దాచుకోవచ్చునని నాకు తోచింది. అయితే ఆ గొంతును మరొకరు విని రాయాల్సి వస్తే, ఆ రాసే మనిషి ఎవరై ఉండాలన్నది మీ మీ ఊళ్ళలో మీరే చెప్పాలి. జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ముందు మాట్లాడితే బాగుంటుంది.